కొత్త వైరస్ ఇస్తే పాత జవాబులే: మోడల్‌ను ఇలా సరిచేశాను

వైరస్ ప్రోటీన్లు మనిషి కణంలోని ఏ ప్రోటీన్లతో అతుక్కుంటాయో అంచనా వేసే గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్ (లింకుల వలలాంటి డేటా నుంచి నేర్చుకునే ఏఐ మోడల్) ఒకటి నా చేతికొచ్చింది. డేటా ఇలాంటి జతల్ని నమోదు చేసే విర్‌హోస్ట్‌నెట్, హెచ్‌పీఐడీబీ డేటాబేస్‌ల నుంచి తీసుకున్నదే. టెస్ట్ స్కోరు అదిరిపోయింది. కానీ ట్రైనింగ్‌లో లేని వైరస్ ఏది ఇచ్చినా జాబితా పైన పీ53 (క్యాన్సర్‌ను అడ్డుకునే మనిషి ప్రోటీన్) లాంటి అవే పేర్లు!

అనుమానం తీరడానికి వైరస్ ప్రోటీన్‌ను పూర్తిగా పక్కనపెట్టి, మనిషి ప్రోటీన్లను డేటాలో వాటికున్న లింకుల సంఖ్యను బట్టి వరుసలో పెట్టాను. స్కోరు దాదాపు అంతే వచ్చింది. అంటే మోడల్ నేర్చుకున్నది జీవశాస్త్రం కాదు, ఎవరు పాపులరో అన్నది. పీ53 మీద ప్రయోగాలు ఎక్కువ జరిగాయి కాబట్టి లింకులూ ఎక్కువే.

రెండు మార్పులు చేశాను. మొదటిది, జతల్ని కలగాపులగంగా విడదీయడం మానేసి, వైరస్ ప్రోటీన్లను సీడీ-హిట్‌తో (పోలిక ఉన్న ప్రోటీన్లను గుంపులు చేసే సాఫ్ట్‌వేర్) 40% పోలిక దగ్గర గుంపులు చేసి, ఒకేలాంటివి రెండు వైపులా పడకుండా ఒక్కో గుంపును మొత్తంగా ట్రైనింగ్‌కో టెస్ట్‌కో పంపాను. రెండోదే అసలు మందు: నెగెటివ్ జతల్లో (అతుక్కోవని అనుకునేవి) కూడా ప్రతి మనిషి ప్రోటీన్ పాజిటివ్ జతల్లో (అతుక్కునేవి) ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు వచ్చేలా చూశాను. దాంతో పాపులారిటీ పనికిరాకుండా పోయింది.

స్కోరు బాగా పడింది. చూడ్డానికి బాధగానే ఉంటుంది, కానీ వైరస్ మారితే జాబితా కూడా మారడం మొదలైంది. బయటి పరీక్షకు 2020లో వచ్చిన సార్స్-కోవ్-2 (కోవిడ్ వైరస్) మ్యాప్ వాడాను. ఆ వైరస్ ప్రోటీన్లు ఏ మనిషి ప్రోటీన్లతో అతుక్కుంటాయో ప్రయోగంలో తేల్చిన జాబితా అది. అందులో 26 వైరస్ ప్రోటీన్లకు 332 జతలున్నాయి. అందులో లేని జతను తప్పుగా లెక్కించలేదు. ప్రయోగంలో దొరకనంత మాత్రాన అతుక్కోవని కాదుగా. అందుకే ఏయూసీ (నిజమైన జతల్ని నెగెటివ్‌ల కన్నా పైన పెట్టిందా అని కొలిచే స్కోరు) వదిలేసి, పై 100 అంచనాల్లో ఎన్ని దొరికాయన్నదే చూస్తున్నాను.