పరిషెకి రేంజ్‌ఫైండర్ కెమెరా పట్టుకెళ్తున్నారా? ఇవి చూసుకోండి

కార్తీకం ఆఖరి సోమవారం వస్తోంది. బెంగళూరు బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషెలో (వేరుశనగకాయల జాతర) చీకటి పడ్డాక, వేరుశనగ కుప్పల మీద బల్బు వెలుతురు చూస్తే చెయ్యి ఊరుకోదు. రేంజ్‌ఫైండర్ కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీ (వ్యూఫైండర్) మధ్యలో ఇంకో బొమ్మ కనిపిస్తుంది; లెన్స్ తిప్పుతూ ఆ రెండూ కలిపితే ఫోకస్ కుదిరినట్టు. బయల్దేరే ముందు:

– లెన్స్ ఇన్ఫినిటీకి (∞ గుర్తుకి) తిప్పి, డాబా మీంచి దూరంగా ఉన్న టవర్ దీపం చూడండి. రెండు బొమ్మలు కలవకపోతే రేంజ్‌ఫైండర్ సెట్టింగ్ తప్పినట్టే, కానీ వ్యూఫైండర్‌లో ఎప్పుడూ అంతా షార్ప్‌గానే కనిపిస్తుంది కాబట్టి ఇలా చూసుకోకపోతే రీలు కడిగాక గానీ తెలీదు. ఇది తేడాగా ఉంటే మిగతావన్నీ దండగ.

– ఫోకస్ చేస్తుంటే మధ్య బొమ్మ అడ్డంగా జరుగుతుంది, అందుకని నిలువు గీత వెతకండి: దుకాణం గుంజ, తక్కెడ గొలుసు. ముఖమే కావాలంటే కంట్లో మెరిసే బల్బు చుక్కని పట్టుకోండి, బుగ్గ మీద తంటాలు పడొద్దు.

– 50 ఎంఎం లెన్స్, ఎఫ్/2 (లెన్స్ రంధ్రం ఎంత తెరిచామో చెప్పే అంకె; చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు), మీటరు దూరం: షార్ప్‌గా వచ్చేది మొత్తం 5 సెంటీమీటర్లే. ఫోకస్ చేశాక ముందుకి ఊగారో, పోయినట్టే.

– రద్దీలో 35 ఎంఎం, ఎఫ్/4, ఫోకస్ ముందే 3 మీటర్లకి పెట్టేస్తే సుమారు 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా షార్ప్‌గా సరిపోతుంది. వెలుతురు చాలదంటారా, ఎక్కువ ఐఎస్ఓ (తక్కువ వెలుతురుకీ పనికొచ్చే) రీలు వేయండి, గ్రెయిన్ (ఫొటోలో ఇసక రేణువుల్లాంటి చుక్కలు) వస్తే రానివ్వండి.

– కెమెరా ముందు వైపున్న రేంజ్‌ఫైండర్ చిన్న కిటికీ తుడవండి. వేలిముద్ర పడితే మధ్య బొమ్మ పాలిపోతుంది.