లారీ సీటు వెనుక సబ్‌వూఫర్ పెట్టెకు లోపలి కొలతే లెక్క

మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే లారీలోనైనా, జడ్చర్ల వైపు తిరిగే డీసీఎంలోనైనా సీటు వెనుక ఇరుకు జాగాలో సబ్‌వూఫర్ (గంభీరమైన బేస్ శబ్దాలు పలికించే స్పీకరు) పెట్టె చేయించుకునేవారు వడ్రంగికి బయటి కొలత కాక లోపలి కొలత చెప్పాలి. సీటు వాలుగా ఉంటుంది కనుక పెట్టె పైన సన్నగా, కింద వెడల్పుగా వస్తుంది. పై లోతు 8, కింది లోతు 16 సెంటీమీటర్లయితే సగటు 12ను 70 పొడవుతో, 36 ఎత్తుతో గుణిస్తే లోపల గాలికి దొరికే చోటు సుమారు 30 లీటర్లు. అవే అంకెలను బయటి కొలతలుగా తీసుకుని 18 మిల్లీమీటర్ల చెక్క కోస్తే లోపల మిగిలేది దాదాపు 18 లీటర్లే. నా మొదటి పెట్టె సరిగ్గా ఇలాగే పాడైంది, పైగా స్పీకరు అయస్కాంతం వెనుక చెక్కకు తగిలింది. కావలసిన లీటర్లు, అమరిక లోతు (స్పీకరు బిగించాక పెట్టె లోపలికి వెళ్లే లోతు) స్పీకరుతో వచ్చే కాగితంలోనే ఉంటాయి.

మూలలకు లోపలి నుంచి సిలికాన్ పూసి, ఒక రోజంతా ఆరనిచ్చిన తరువాతే స్పీకరు బిగించాలి. మూసిన పెట్టెలో కోనును (స్పీకరు ముందున్న, కదిలే గిన్నెలాంటి భాగాన్ని) అరచేతితో మెల్లగా నొక్కి వదిలితే నిదానంగా పైకి రావాలి. టక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టే.

లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీల జతతో 24 వోల్టులుంటే, స్పీకరును నడిపే 12 వోల్టుల ఆంప్లిఫయరుకు 24ను 12కు దించే కన్వర్టరు పెట్టాలే తప్ప ఒక్క బ్యాటరీ నుంచి తీగ లాగకూడదు. అలా లాగితే ఆ బ్యాటరీ తరచూ దిగిపోతూ, రెండోది అతిగా ఛార్జయి, జత మొత్తం త్వరగా చెడుతుంది.