రక్షణ స్థావరాల్లో లంచం, జవాబుదారీతనం: విశాఖలో ఎదురయ్యే చిక్కులు, వాటి మూలం, విరుగుడు

1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఏర్పడిన నాటి నుంచీ విశాఖపట్నంలో మల్కాపురం, సింధియా, గాజువాక వైపు ఎన్నో కుటుంబాలు డాక్‌యార్డు జీతాల మీద, స్టోర్సు సరఫరాల మీద, క్వార్టర్ల మరమ్మతు పనుల మీద ఆధారపడి బతుకుతున్నాయి. ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతూ నేనూ ఇరవై ఏళ్లకు పైగా రక్షణ శాఖ పనులు చేశాను. నాకు తారసపడిన అధికారుల్లో ఎక్కువ మంది నా షెడ్డులో టీ కూడా ముట్టని నిజాయితీపరులు. వారి పేరు చెడగొట్టే కొద్దిమందిని నిలదీయడం ఎలాగో తెలియక మనవాళ్లు ఏళ్ల తరబడి నష్టపోవడం చూశాను కనుక, నేను నేర్చుకున్నదంతా చిక్కు వారీగా ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న వ్యక్తి యూనిఫాం అధికారా, సివిలియన్ ఉద్యోగా? స్థావరాల కట్టడాలు, మరమ్మతులు చూసే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ వంటి చోట ఇద్దరూ పక్కపక్క గదుల్లోనే కూర్చుంటారు. సివిలియన్ ఉద్యోగి 1965 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమాల కిందికి వస్తాడు. నౌకాదళ అధికారికి 1957 నాటి నేవీ చట్టం, సైన్యాధికారికి 1950 నాటి ఆర్మీ చట్టం వర్తిస్తాయి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం మాత్రం ప్రభుత్వ జీతం తీసుకునే ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. భుజం మీద నక్షత్రాలు ఉన్నంత మాత్రాన ఆ చట్టం నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. ఈ తేడా తెలియకుండా రాసిన ఫిర్యాదు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి తిరుగుతూ పాతబడిపోతుంది.

లక్షణం: పని పూర్తయింది, బిల్లు మాత్రం కదలడం లేదు

దీనికి మూలం చాలాసార్లు మెజర్‌మెంట్ బుక్కులో ఉంటుంది. మనం దాన్ని ఎం.బి. అంటాం. చేసిన పని కొలతలు అందులో ఎక్కనిదే బిల్లు పుట్టదు. అందుకే దాని పుటలకు ముందే నంబర్లు వేసి ఉంటాయి, అందులో పుట చింపకూడదు, దిద్దిన చోటల్లా దిద్దినవారి సంతకం ఉండాలి, కొలతలను పని జరిగిన చోటే సిరాతో రాయాలి. ఈ నియమాల్లో ఏది సడలినా లంచానికి సందు దొరుకుతుంది.

ఒక స్థావరంలో నలభై కిటికీ గ్రిల్స్‌కు పాత రంగు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, రెండు పూతలు ఎనామిల్ వేసే పని నేను చేశాను. కొలతలకు వచ్చిన జూనియర్ ఇంజనీరు టేపు పట్టి, ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో అంకెలు రాసుకుని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఆఫీసుకెళ్లి ఎక్కిస్తానండీ, మీరు కంగారు పడకండి" అన్నాడు. ఐదు నెలలు గడిచాయి. ఆ తరువాత అక్కడే పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి ఫోను చేసి, "గురువు గారూ, సార్‌ని ఒకసారి ఇంటి దగ్గర కలవండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. నేను కలవలేదు. ఆరా తీస్తే కొలతలు ఎం.బి.లో అసలు ఎక్కనే లేదని తెలిసింది. బిల్లు లెక్కల విభాగంలో ఆగిందని నాకు చెప్పినవన్నీ వట్టి మాటలు.

పరిష్కారం ఇలా. పని పూర్తయిన రోజునే, ఫలానా తేదీన ఉమ్మడి కొలతలు తీసుకోవాలని కోరుతూ ఉత్తరం రాసి, తేదీ కనిపించే ఫోటోలు జతచేసి, ఆవక విభాగంలో ఇచ్చి, మీ ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోవాలి. అదే ఉత్తరం ప్రతిని ఆ ఇంజనీరు పై అధికారికి స్పీడ్ పోస్టులో పంపాలి. ఎం.బి.లో మీరు సంతకం చేసే ముందు ఆ పుట నంబరు రాసుకోవాలి. నేను ఆలస్యంగానే అయినా ఇవన్నీ చేశాను. ఉత్తరం అందిన పదకొండో రోజున కొలతలు సిరాతో ఎక్కాయి, తరువాతి నెలలో డబ్బు వచ్చింది.

ఎం.బి.లో ఎక్కినా బిల్లు ఆగితే, అప్పుడు రక్షణ లెక్కల శాఖ ఏదైనా అభ్యంతరం రాసిందేమో లిఖితపూర్వకంగా అడగాలి. ఆ శాఖ పని చేయించిన అధికారి చేతి కింద ఉండదు, దాని దారి వేరు. అభ్యంతరం నిజమైనదైతే కాగితం ఇస్తారు. కాగితం చూపకుండా "ఆడిట్‌లో ఉంది" అని మాత్రమే అంటే అనుమానించడానికి కారణం ఉన్నట్టే. మీరు సరుకులు గానీ సేవలు గానీ అందించే నమోదైన చిన్న పరిశ్రమ అయితే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం 45 రోజులు దాటిన చెల్లింపుకు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ అడగవచ్చు. 2017లో మొదలైన సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు వేస్తే అది చిన్న పరిశ్రమల బకాయిల తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. నిర్మాణ కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తిస్తుందా అన్న దానిపై కోర్టుల్లో వివాదం నడిచింది కనుక, అటువంటి పనుల్లో ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) నిబంధననే నమ్ముకోవడం క్షేమం.

లక్షణం: డబ్బు అడిగారు, లేదా ఇప్పటికే ఇచ్చేశారు

అడిగేవారు నోటితో అంకె చెప్పడం అరుదు. కాగితం మీద రాసి చూపి చించేస్తారు, లేదా మధ్యవర్తి చేత చెప్పిస్తారు. బిల్లు ఆగితే జీతాలు, అప్పుల వడ్డీ మోయలేని చిన్నవాడి ఇబ్బంది వారికి బాగా తెలుసు. ఒకసారి చెయ్యి తడిపితే ఆ మొత్తం తరువాతి టెండరులో మన రేటులో కలుస్తుంది, ఆపై పెయింటు పలచబడుతుంది, మూడో వానాకాలానికి సిపాయి ఇంటి గోడ ఊడిపోతుంది. ఈ సముద్రపు గాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో విశాఖ వాళ్లకు నేను చెప్పనక్కర లేదు.

ఇక్కడ గడియారం ముఖ్యం. 2018లో సవరించిన తరువాత అవినీతి నిరోధక చట్టం లంచం ఇచ్చినవారిని కూడా నేరస్థులుగా చూస్తుంది, దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అయితే ఒత్తిడికి లొంగి ఇచ్చినవారు ఇచ్చిన ఏడు రోజుల్లోగా పోలీసులకు గానీ దర్యాప్తు సంస్థకు గానీ తెలియజేస్తే వారికి రక్షణ దొరుకుతుంది. ముందే దర్యాప్తు సంస్థకు చెప్పి, వారి సూచన మేరకు ఇచ్చినవారికీ అదే రక్షణ ఉంది. ఇచ్చి ఊరుకుని, ఆరు నెలల తరువాత గొడవైతే బయటపెట్టినవారు తామే చిక్కుకోవడం నేను చూశాను.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో మామూలుగా వెళ్లవలసింది సి.బి.ఐ. అవినీతి నిరోధక విభాగానికి, దాని శాఖ విశాఖలోనే ఉంది. రాష్ట్ర ఏ.సి.బి. దగ్గరికి వెళ్లి, తిరిగివచ్చి, విలువైన రోజులు పోగొట్టుకోవద్దు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ పని కోసం, ఎంత అడిగారో ఆ క్రమంలోనే రాయండి. ఫిర్యాదు నిజమని వారు సరిచూసుకున్నాక వల పన్నుతారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. ఆ నోట్లు తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీటిలో ముంచితే రంగులేని నీరు గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఆ నీటిని సీసాలో పోసి, సీలు వేసి, స్వతంత్ర సాక్షుల చేత సంతకాలు పెట్టిస్తారు. ఇలా చేతికి చిక్కినప్పుడు దర్యాప్తుకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరం లేదు. కోర్టులో విచారణ జరిపించడానికి మాత్రం అనుమతి కావాలి, దానికి చట్టం మూడు నెలలు, అవసరమైతే మరో నెల గడువు పెట్టింది. నేరం రుజువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు శిక్ష. ఫిర్యాదుదారు చనిపోయినా, భయపడి మాట మార్చినా, పరిస్థితుల సాక్ష్యంతో లంచం అడిగినట్టు నిరూపించవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో తేల్చింది. బెదిరింపులకు జంకేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లక్షణం: టెండరు ఒక్కరి కొలతలకే కుట్టినట్టుంది

వివరణ పత్రంలో ఒకే కంపెనీకి సరిపోయే కొలతలు ఉండడం, పెద్ద కొనుగోలును చిన్న ముక్కలుగా విడగొట్టి పై అధికారి మంజూరు తప్పించుకోవడం దీని రెండు రూపాలు. అలా విడగొట్టడాన్ని కేంద్ర ఆర్థిక నియమాలు స్పష్టంగా నిషేధించాయి. బిడ్లు తెరవక ముందే, ఏ నిబంధన ఎందుకు పోటీని ఆపుతోందో చూపుతూ అభ్యంతరం నమోదు చేయండి. తెరిచిన తరువాత చేసే ఫిర్యాదు ఓడిన వాడి ఏడుపుగానే కనిపిస్తుంది.

లక్షణం: ఓడకు అందిన సరుకు ఒకటి, బిల్లులో ఉన్నది మరొకటి

రేవులో ఓడ ఆగే సమయం తక్కువ. నీళ్లు, ఇంధనం, చెత్త తొలగింపు, రేషను అన్నీ కొద్ది గంటల్లో జరిగిపోవాలి. ఆ తొందరలో కొలిచేవాడు, సంతకం చేసేవాడు ఒక్కడే అయితే బిల్లు ఎంతైనా పెరుగుతుంది. దీనికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ అమెరికా ఏడవ నౌకాదళానిది. సింగపూర్ కేంద్రంగా ఓడలకు రేవు సేవలు అందించిన లియొనార్డ్ ఫ్రాన్సిస్ అధికారులకు విందులు, హోటళ్లు, డబ్బు ఇచ్చి, ఓడలు ఎటు వెళతాయో ముందే తెలుసుకుని, తన అధీనంలోని రేవులకే వాటిని మళ్లించి, బిల్లులు పెంచి వసూలు చేశాడు. అతణ్ని 2013లో అరెస్టు చేశారు. 2017లో ఒక రియర్ అడ్మిరల్‌కు జైలుశిక్ష పడింది, 2024లో ఫ్రాన్సిస్‌కు పదిహేనేళ్ల శిక్ష పడింది. ప్రాసిక్యూటర్ల తప్పుల వల్ల కొందరు అధికారుల మీద నేర నిర్ధారణలు మధ్యలో రద్దయ్యాయి కూడా. బిల్లులతో మొదలైన ఆ వ్యవహారం ఓడల రాకపోకల రహస్యాల దాకా పాకిందన్నది మన ఊరు పట్టించుకోవలసిన సంగతి. 2019 డిసెంబరులో నౌకాదళ సమాచారం శత్రువుకు చేరవేశారని ఏడుగురు నావికులను ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం పట్టుకున్నప్పుడు, ఆ ఆపరేషన్‌కు మన డాల్ఫిన్స్ నోస్ కొండ పేరే పెట్టారు.

సరఫరాదారుగా మీరు చేయవలసింది, అందించిన ప్రతిదానికీ మీటరు రీడింగుతో, సమయంతో, ఇద్దరి సంతకాలతో చలానా తీసుకోవడం. ఖాళీ చలానా మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకండి.

లక్షణం: "మీ అబ్బాయికి ఆర్మీలో ఉద్యోగం ఖాయం" అంటున్నారు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొలం తాకట్టు పెట్టి దళారికి డబ్బు కట్టిన తల్లిదండ్రుల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. లోపల ఎవరో సహకరిస్తేనే ఇది నడుస్తుందన్న అనుమానం ఊహ కాదు. సైన్యాధికారుల ఎంపికలో అవకతవకలపై 2021 మార్చిలో సి.బి.ఐ. ఇరవై ముగ్గురి మీద కేసు పెడితే, వారిలో పదిహేడుగురు సైన్యంలో ఉన్నవారే. అబ్బాయి అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. ఇచ్చేసి ఉంటే ఈరోజే పోలీసు ఫిర్యాదు పెట్టండి.

లక్షణం: లోపల పనిచేసేవారిని తప్పుడు వోచరు మీద సంతకం పెట్టమంటున్నారు

అన్నిటిలోకీ కష్టమైనది ఇదే. వార్షిక రహస్య నివేదిక రాసేది ఆ పై అధికారే, సెలవు ఇచ్చేదీ ఆయనే. అయితే సైనిక చట్టం విధేయత కోరేది చట్టబద్ధమైన ఆదేశానికే. అందని సరుకు అందినట్టు సంతకం పెట్టమనడం ఆ కోవలోకి రాదు. ఆదేశం రాతలో ఇవ్వమని వినయంగా అడగండి. నోటిమాటగా వచ్చిన ఆదేశం చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే చట్టంలోనే ఉన్న ఫిర్యాదు మార్గంలో పై అధికారికి వెళ్లాలి. ప్రతీకారంగా సర్వీసు పరంగా అన్యాయం జరిగితే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు దాని చెన్నై బెంచి. సివిలియన్ ఉద్యోగులు, హిందూస్థాన్ షిప్‌యార్డు వంటి సంస్థల వారు 2004 నాటి ప్రజాహిత వెల్లడి తీర్మానం కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రాయవచ్చు. పేరు లోపలి ఉత్తరంలోనే ఉండాలి, కవరు మీద ఉండకూడదు, ఆ తీర్మానం కింద ఫిర్యాదు అని మాత్రం కవరు మీద రాయాలి. ఆకాశరామన్న ఉత్తరాలను వారు పట్టించుకోరు.

మీ మీదే నింద పడి సైన్యంలో కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (నిజానిజాలు తేల్చే అంతర్గత విచారణ) పెడితే, మీ ప్రతిష్ఠకు సంబంధించిన విషయం విచారణకు వచ్చినప్పుడు హాజరై సాక్షుల్ని ప్రశ్నించే హక్కు ఆర్మీ నియమాల్లో ఉంది. ఆ హక్కు వదులుకోకండి. పశ్చిమ బెంగాల్‌లోని సుక్నా భూముల వ్యవహారంలో 2011లో కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానం) శిక్షించిన ఒక లెఫ్టినెంట్ జనరల్‌ను 2014లో ట్రిబ్యునల్ నిర్దోషిగా తేల్చింది. ఆరోపణ ఎంత పెద్దదైనా తప్పు కావచ్చు కనుకనే, ఫిర్యాదులో మీరు కళ్లారా చూసింది, చెవులారా విన్నది మాత్రమే రాయాలి.

లక్షణం: ఫిర్యాదు ఇచ్చి ఏడాదైనా ఉలుకూ పలుకూ లేదు

ఆలస్యం ఇక్కడ ఊరికే పోదు. ఆర్మీ చట్టంలో కోర్టు మార్షల్‌కు మూడేళ్ల కాలపరిమితి ఉంది. ఫైలు నిద్రపోయే ప్రతి నెలా నిందితుడికే మేలు చేస్తుంది. రిటైరైనవారిని కూడా మూడేళ్లలోపు విచారణ మొదలుపెట్టి శిక్షించవచ్చు, ఆ తరువాత సైనిక న్యాయస్థానం తలుపు మూసుకుంటుంది. అవినీతి నిరోధక చట్టం కింద సాధారణ కోర్టు దారి మాత్రం తెరిచే ఉంటుంది.

అందుకని మూడో నెలలోనే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. నౌకాదళం, సైన్యం, వైమానిక దళం ఆ చట్టం నుంచి మినహాయింపు పొందిన సంస్థల జాబితాలో లేవు. దేశ భద్రతకు సంబంధించిన సమాచారం ఇవ్వరు గానీ, మీ ఫిర్యాదు ఏమైందన్నది ఆ కోవలోకి రాదు. పది రూపాయల రుసుము కట్టి, మూడే ప్రశ్నలు అడగండి: ఫలానా తేదీ ఫిర్యాదు ప్రస్తుతం ఏ అధికారి దగ్గర ఉంది, ఏ తేదీల్లో ఏ చర్య తీసుకున్నారు, విచారణ ముగిసి ఉంటే నిర్ణయం ప్రతి ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, దాని తరువాత తొంభై రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. పోస్టాఫీసు రసీదులను అసలు ఫిర్యాదు ప్రతికి పిన్ను చేసి, వాటికి జిరాక్సు తీయించి ఉంచుకోండి. థర్మల్ కాగితం మీద అచ్చయిన రసీదు ఒక ఎండాకాలం గడిచేసరికి తెల్లబడిపోతుంది.