గల్ఫ్ పోయే ముందు నెల: పిల్లల్ని ఇంట్లో పెద్దవాళ్లకు అప్పజెప్పి వెళ్లేవారికి

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి పల్లెల నుంచి సౌదీకి బయలుదేరే తండ్రి అయినా, రాయచోటి వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లే తల్లి అయినా మెడికల్, వీసా, టికెట్ అంటూ నెల రోజులు తిరుగుతారు. పిల్లల కాయితాల వంతు వచ్చేసరికి పెట్టె కట్టే వేళవుతుంది. ఆ నెలలో నాలుగు రోజులు పిల్లల కోసం పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముందు ఫోను నంబరు. పిల్లల ఆధార్‌కు, బడి రికార్డుకు, బ్యాంకు ఖాతాకు చాలా ఇళ్లలో నాన్న నంబరే ఉంటుంది. ఆ సిమ్ రియాద్‌లో పెట్టె అడుగున పడి ఉంటుంది. ఇక్కడ మీసేవలో నాయనమ్మ మనవడి ఆదాయ ధ్రువపత్రం కోసం కూర్చుంటే, ఆపరేటరు ‘ఓటీపీ చెప్పమ్మా’ అంటాడు. ఆమె కొడుక్కి ఫోను కొడుతుంది, అతను డ్యూటీలో ఉంటాడు. ఓటీపీ గడువు అయిపోతుంది, ఆ రోజు కూలీ కూడా పోతుంది. రీచార్జి లేక 90 రోజులు వాడకుండా వదిలేస్తే నంబరు రద్దయి, తర్వాత ఇంకెవరికో వెళ్తుంది. అందుకే ఇంట్లోనే ఉండే ఒక నంబరు పెట్టి, వెళ్లేలోపు పిల్లల ఆధార్‌లో, బడిలో దాన్నే ఎక్కించండి. అదే చేత్తో వయసు కూడా చూసుకోండి. 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక మరోసారి వేలిముద్రలు, కంటిపాపల స్కాన్ కొత్తగా ఇవ్వాలి. మొదటిది 7 ఏళ్లలోపు, రెండోది 17 ఏళ్లలోపు అయితే రుసుము లేదు.

కాయితాలన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టండి. జనన ధ్రువపత్రం, కులం, ఆదాయం, రేషన్ కార్డు, మీ పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా నకళ్లు అందులో ఉండాలి. పెట్టేముందు అన్నిట్లో మీ పేరు ఒకే తీరుగా ఉందో లేదో చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పిల్లల జనన ధ్రువపత్రంలో ఒక్క అక్షరమే ఉండటం మామూలే. ఈ తేడా రేపు పిల్లల పాస్‌పోర్టు దగ్గరో, బీమా సొమ్ము దగ్గరో అడ్డం పడుతుంది. మనిషి ఊళ్లో ఉండగా దిద్దించడం తేలిక.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుపై ఈసీఆర్ (పనికోసం విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) ముద్ర ఉంటుంది. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి: 2 ఏళ్లకు 275 రూపాయలు, 3 ఏళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరేవారికి ఈ రక్షణ లేకుండా పోతుంది. ఏజెంటు ‘అక్కడికెళ్లాక మార్పిస్తా’ అంటే, ఆ మాటకు మీ పిల్లలే పూచీ పడుతున్నట్టు. నామినీగా ఎవరి పేరుందో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇక అప్పు. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. చేతులు మారేది ఎంతో అందరికీ తెలుసు. లక్షన్నర అప్పు, నూటికి 2 రూపాయల మిత్తి అనుకుందాం. నెలకు 3,000 మిత్తికే పోతుంది. నెలకు 5,000 కడుతూ పోతే తీరడానికి 46 నెలలు దాటుతుంది. 10,000 కడితే దాదాపు 18 నెలల్లో తీరుతుంది. అయితే అసలు తగ్గినకొద్దీ మిత్తి తగ్గాలని ముందే మాట్లాడుకోవాలి, కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి. ఫోనులో ‘పంపిన, ముట్టింది’ అనుకున్నది లెక్కలోకి రాదు.

ఇంటికి 18,000 పంపగలిగితే 10,000 అప్పుకు, 6,000 ఇంటి ఖర్చుకు, 2,000 పిల్లల చదువుకు పంచండి. ఈ 2,000 వేరే ఖాతాలో పడాలి. ఒకే ఖాతాలో ఉంటే పండుగకో పెళ్లికో కలిసిపోయి, జూన్‌లో ఫీజుకు మళ్లీ మిత్తికి తెస్తారు. అప్పు తీరకముందే స్లాబు మొదలుపెట్టడం మరో పెద్ద పొరపాటు. పిల్లర్ల దాకా లేచిన ఇల్లు రెండేళ్ల జీతం మింగుతుంది, పదో తరగతి పిల్ల ట్యూషన్ మానేస్తుంది.

నాయనమ్మ చదువుకోకపోయినా ఇబ్బంది లేదు. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో ఫీజు తేదీలకు ఎర్ర సున్నా చుట్టి, పక్కన డబ్బు అంకెల్లో రాయండి. బడిలోనో గురుకులంలోనో సంరక్షకుల పేరు, ఫొటో ఇప్పుడే ఇప్పించండి. లేకపోతే జ్వరమొచ్చిన పిల్లను తీసుకురావడానికి వెళ్లిన తాతను గేటు దగ్గరే ఆపేస్తారు.

ఫోను వేళ కూడా ముందే కుదుర్చుకోండి. సౌదీ, కువైట్, ఖతర్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్, ఒమన్ గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్‌లలో సెలవు శుక్రవారం, ఇక్కడ ఆ రోజు బడి. సౌదీలో మధ్యాహ్నం 3 గంటలకు చేస్తే ఇక్కడ సాయంత్రం ఐదున్నర, పిల్లలు బడి నుంచి వచ్చి ఏదో ఇంత తిని ఉంటారు. రాత్రి డ్యూటీ దిగి 9కి చేస్తే ఇక్కడ పదకొండున్నర, నిద్రలో లేపినట్టే. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ పనిచేయదు, బోటిమ్ లాంటి యాప్ ఇంటి ఫోనులో ఎక్కించి, ఒకసారి మాట్లాడించి చూడండి. ‘మార్కులెన్ని’ అని మొదలుపెడితే మూడో వారానికి పిల్లలు ఫోను దగ్గరకు రారు. పక్కన ఎవరు కూర్చుంటారు, ఈ రోజు కూరేమిటి అని అడగండి.

పిల్లల్ని వేరే ఇంట్లో ఉంచాల్సి వస్తే ప్రయాణానికి 15 రోజుల ముందే అక్కడికి చేర్చి, మీరు వచ్చిపోతూ ఉండండి. ఎక్కడ పడుకోవాలో, రాత్రి భయమేస్తే ఎవర్ని లేపాలో ఆ రోజుల్లోనే తేలుతుంది. విమానం ఏ రోజో పిల్లలకు చెప్పే వెళ్లండి, నిద్రలో ఉండగా కాదు.