చార్మినార్ రూపాయి మీద ఏడాది ఎలా చదవాలి

నిజాం కాలం నాటి చార్మినార్ రూపాయి చేతికొస్తే, దాని మీది ఏడాది ఒక పట్టాన అర్థం కాదు. అది హిజ్రీ (ఇస్లామీయ కేలండర్) సంవత్సరం. దాని మీది పర్షియన్ లిపి కుడి నుంచి ఎడమకి ఉన్నా అంకెల్ని మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. చుక్క ఉంటే సున్నా, చిన్న గుండ్రం ఉంటే 5 (ఇక్కడే నేను చాలాసార్లు తప్పాను), ఇంగ్లిషు 'వీ'లా ఉంటే 7, అదే తలకిందులైతే 8. వచ్చిన సంఖ్యని 0.97తో గుణించి 622 కలపండి, క్రీ.శ. సంవత్సరం వస్తుంది. ఉదాహరణకి 1337 అయితే 1918.89, అంటే 1918-19. ఒక్క ఏడాది అటూఇటూ కావచ్చు. విడిగా ఒకటి రెండు అంకెలే కనిపిస్తే అది పాలనా సంవత్సరం (రాజు గద్దెనెక్కాక ఎన్నో ఏడాదో) కావచ్చు, దాన్ని ఈ లెక్కలో వేయకండి. టిప్పు సుల్తాన్ మౌలూదీ (ఆయన పెట్టిన వేరే సంవత్సరాల లెక్క) నాణేలకి ఈ లెక్క పనికిరాదు. వాటి మీద అంకెలు కూడా కుడి నుంచే ఉంటాయి.