కథల్లో కుక్కను చదవడం – 3వ పాఠం: క్రియలు ఏరుకుందాం

"కుక్క విశ్వాసం గల జంతువు." చిన్నప్పుడు బడిలో వ్యాసం రాయమంటే చాలామందిమి ఈ వాక్యంతోనే మొదలుపెట్టాం. కథ చదివేటప్పుడు మాత్రం దీన్ని కాసేపు పక్కన పెట్టండి. ముందే తీర్పు చెప్పేస్తే, అసలు ఏం జరిగిందో కంటికి ఆనదు.

పోయిన పాఠంలో ఆదిపర్వంలోని సరమను చూశాం. ఏ తప్పూ చేయని తన బిడ్డను కొట్టారని జనమేజయుణ్ణే నిలదీసిన తల్లి కుక్క అది. ఈసారి ఒక చిన్న పద్ధతి. కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు కుక్క చేసిన పనులు, కుడివైపు మనిషి చేసిన పనులు రాయండి. క్రియలు చాలు, విశేషణాలు వద్దు.

గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఓడిస్సీ' 17వ సర్గతో మొదలుపెడదాం. ఇథాకా రాజు ఒడీసియస్ 20 ఏళ్ల తర్వాత ముష్టివాడి వేషంలో తన ఇంటికి వస్తాడు. వాకిలి ముందు పేడకుప్ప మీద ఆర్గోస్ పడి ఉంటుంది, ఒళ్లంతా పిడుదులు. ట్రాయ్ యుద్ధానికి పోకముందు అతనే పెంచిన వేటకుక్క. అతని గొంతు వినగానే తోక ఆడిస్తుంది, చెవులు వాలుస్తుంది. లేచి దగ్గరికి రాలేకపోతుంది. అతను ముఖం తిప్పుకుని, పక్కనున్న తన పందుల కాపరి యూమయస్‌కు కనబడకుండా కన్నీళ్లు తుడుచుకుంటాడు. ఈ కుక్క ఎవరిదని ఏమీ ఎరగనట్టు అడుగుతాడు. యజమాని లేని ఇంట్లో పనివాళ్లు దీన్ని పట్టించుకోవడం మానేశారని యూమయస్ చెబుతాడు. ఆర్గోస్ అక్కడే ప్రాణం విడుస్తుంది.

ఇప్పుడు కుడివైపు చూడండి. చూశాడు, ముఖం తిప్పుకున్నాడు, తుడుచుకున్నాడు, అడిగాడు. ఉండాల్సిన క్రియ ఒకటి అక్కడ లేదు: నిమరలేదు. ఇలా లేని క్రియను ఎర్ర సిరాతో రాసుకోండి, ఈ పాఠంలో ముఖ్యమైన పని అదే. దగ్గరికి వెళ్లి నిమిరితే వేషం బయటపడుతుంది, ఇంట్లో తిష్ఠ వేసిన శత్రువులు చంపేస్తారు. ఆ కుక్క లేచి మీదికి ఉరికినా అంతే. ఇన్నేళ్లూ ఆర్గోస్ అతని కోసం ఎదురుచూసింది. ఆ ఒక్క క్షణం మాత్రం అతని ప్రాణం ఆ కుక్క చేతిలో ఉంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది.

ఇక మన భారతం. మహాప్రస్థానిక పర్వం, చిత్రంగా ఇదీ 17వదే. పాండవులు, ద్రౌపది హస్తినాపురం వదిలినప్పటి నుంచి ఒక కుక్క వెంట నడుస్తుంది. ఎడమవైపు రాయడానికి దొరికేది ఒక్కటే: వెంట వచ్చింది. అందరూ దారిలో పడిపోయాక ధర్మరాజు, ఆ కుక్క మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను వదిలి ఎక్కమంటాడు. ధర్మరాజు ఒప్పుకోడు. తమ్ముళ్లను, భార్యను వదిలావు కదా అంటే, ప్రాణం ఉండగా నేనెవరినీ వదల్లేదంటాడు. నమ్మి వచ్చిన దాన్ని వదలడం మహాపాపం అంటాడు. ఇక్కడ కుడివైపే నిండిపోతుంది. కుక్క యమధర్మరాజని చివర తెలుస్తుంది నిజమే, కానీ 'వదలను' అన్నప్పుడు ధర్మరాజుకు ఆ సంగతి తెలియదు. కాబట్టి మీ కాగితంలో అది కుక్కగానే ఉండాలి.

అభ్యాసం: మీ వీధిలో ఏ ఇంటికీ చెందని కుక్క ఒకటి ఉండే ఉంటుంది. ఎవరో ఒకరు మిగిలిన అన్నం పెడుతుంటారు. రెండు రోజులు గమనించి, ఇదే గీత గీసి పదేసి క్రియలు రాయండి. 'పాపం', 'నమ్మకంగా' లాంటి మాటలు వస్తే కొట్టేయండి.

వచ్చే పాఠానికి రష్యన్ రచయిత తుర్గేనెవ్ 1854లో ప్రచురించిన 'ముము' చదివి రండి. మాట రాని, చెవులు వినపడని బానిస గెరాసిమ్, యజమానురాలి మాట మీద తన కుక్కను తానే నీళ్లలో ముంచేస్తాడు. ఆ కథకు రెండు గళ్లు సరిపోవు, మూడో గడి యజమానురాలి కోసం గీసుకోండి.