ఇంటి రికార్డింగ్ పాఠాలు – 4: ఆ 48 వోల్టులు ఎక్కడ దాక్కుంటాయి?

క్రిందటి పాఠంలో మైకుకు తగిలించే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ కొస విప్పి మూడు పిన్నులు చూశాం. ఒకటోది షీల్డు (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు), రెండు, మూడు ధ్వనిని మోసే తీగలు. ఈ రోజు పాఠం, ఆ తీగల మీదుగానే మైకుకు కరెంటు పంపే ఫాంటమ్ పవర్ గురించి. అప్పుడు గీసుకున్న బొమ్మ కావాలి.

మొదటి కండెన్సర్ మైకు కొన్నప్పుడు గంటసేపు అరిచినా తెర మీది ధ్వని గీత కదలలేదు. మైకు పాడైందని దుకాణానికి పట్టుకెళ్లాను. అక్కడి కుర్రవాడు, మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె అయిన ఇంటర్‌ఫేస్‌పై 48 అని రాసిన బటన్ నొక్కి నా ముఖం చూశాడు. ఈ పాఠం ఆ సిగ్గుకు వడ్డీ.

కండెన్సర్ మైకులో ధ్వనిని పట్టే పలచటి పొర నుంచి వచ్చే సంకేతం నేరుగా కేబుల్ ఎక్కలేదు. దాని పక్కనే చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్ ఉండాలి, దానికి కరెంటు కావాలి. విడిగా తీగ వేయకుండా, ధ్వని వచ్చే తీగల మీదుగానే ఆ కరెంటు పంపడం ఫాంటమ్ పవర్. 1966లో జర్మనీకి చెందిన నాయ్‌మన్ సంస్థ నార్వే రేడియో కోసం ఇలాంటి మైకు చేసింది. ఆ స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. మన బటన్ మీది అంకె ఆ దీపాల పుణ్యమే.

మరి ఆ వోల్టులు ధ్వనిలో ఎందుకు వినిపించవు? కావడిని తలచుకోండి. రెండు కుండల్లో నీళ్లు సమానంగా ఉంటే బద్ద ఒరగదు. రెండో పిన్నుకు, మూడో పిన్నుకు చెరొక 6,800 ఓముల రెసిస్టర్ ద్వారా ఒకే 48 వోల్టులు అందుతాయి. కరెంటు షీల్డు మీదుగా వెనక్కి వస్తుంది. ఇంటర్‌ఫేస్ వినేది రెండు తీగల మధ్య తేడాను మాత్రమే. తేడా లేని చోట దానికి ఏమీ లేనట్టే. కరెంటు అక్కర్లేని మామూలు డైనమిక్ మైకు తగిలించి ఉన్నా ఏమీ కాకపోవడానికి కారణం ఇదే: దాని తీగచుట్ట రెండు కొసలకూ ఒకే వోల్టేజి ఉంటే కరెంటు పారదు.

ఒక కుండ జారితేనే చిక్కు. కేబుల్‌లో ఒక తీగ షీల్డుకు తగిలితే కరెంటు మైకు గుండా పారుతుంది. పాతకాలపు రిబ్బన్ మైకులో ధ్వనిని పట్టే సన్నని రేకుకు అది ప్రమాదం. అందుకే నేను బటన్‌కు భయపడను, చవక కేబుల్‌కు భయపడతాను.

వాడే క్రమం చిన్నదే. గెయిన్ (మైకు సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) పూర్తిగా తగ్గించండి, కేబుల్ బిగించండి, అప్పుడు 48 నొక్కి కొన్ని సెకన్లు ఆగి గెయిన్ పెంచండి. తీసేటప్పుడు ముందు గెయిన్, తర్వాత బటన్, కాసేపాగి కేబుల్. తొందరపడితే హెడ్‌ఫోన్లో టప్పుమనే చప్పుడు చెవిని వదలదు.

ఈ వారం అభ్యాసం: మైకు తీసేసి, 48 నొక్కి, వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ను డీసీలో పెట్టండి. కేబుల్ మైకు కొసన రంధ్రాల పక్కన అంకెలుంటాయి. 1–2 మధ్య, 1–3 మధ్య 44 నుంచి 52 వోల్టుల లోపు, 2–3 మధ్య దాదాపు సున్నా రావాలి. ఒక వైపే సున్నా వస్తే కేబుల్ మార్చి మళ్లీ కొలవండి. మూడు అంకెలనూ బొమ్మ పక్కన రాసుకోండి; గెయిన్ పాఠంలో వాటితో పని ఉంది.